ఎండాకాలంలోనే చావాలనుకున్న ఆదిశేషమ్మ

పెళ్లికి ముహూర్తం చూసుకునేవాళ్లుంటారు, బావి తవ్వడానికి చూసుకునేవాళ్లుంటారు. చావుకు ముహూర్తం పెట్టుకుని, అది తప్పిన ప్రతిసారీ ఇంకో ఏడాది బతుకుతూ వచ్చిన మనిషి మాత్రం ఈ పెన్న గట్టున ఒక్కతే ఉంది. ఆమె పేరు ఆదిశేషమ్మ. వయసు డెబ్బై ఎనిమిది. ఊరు తుమ్మలరేవు. బస్టాపు బోర్డు మీద ‘కొత్త తుమ్మలరేవు’ అని ఉంటుంది గానీ, ఆమె ముందు ఎవరైనా ‘కొత్త’ అన్నారంటే చీపురు తిరగేస్తుంది.

పాత తుమ్మలరేవు సోమశిల డ్యాం నీళ్ల అడుగున ఉంది. ఊరు ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడు జనం దేన్నీ వదల్లేదు. ద్వారబంధాలు ఊడబెరుక్కున్నారు, దూలాలు దించుకున్నారు, పాతిన రోళ్లను పెకలించి బండ్లకెత్తారు. రాములవారినీ పోలేరమ్మనూ మేళతాళాలతో మోసుకొచ్చారు. రేవులో బట్టలుతికే బండ ఎవరిదని రెండు వీధులవాళ్లు రెండు రోజులు తన్నుకుని, చివరికి దాన్ని సమ్మెటతో పగలగొట్టి చెరిసగం పంచుకున్నారు. ఇంత జాగ్రత్తపరులకు, గట్టు మీదికొచ్చి గుడిసెలు వేసుకున్నాక గానీ ఒక సంగతి గుర్తుకు రాలేదు. చచ్చిపోయినవాళ్లను అక్కడే మరిచి వచ్చారు! అప్పటికే శ్మశానం మీద నిలువెత్తు నీళ్లు.

అందరూ అయ్యో అని నాలుక కరుచుకుని, ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారు. ఆదిశేషమ్మ వల్ల కాలేదు. ఊరు మునగడానికి ముందటేడే ఆమె మొగుడు ఆదెయ్య జ్వరంతో పోయాడు. గొర్రెలు కాసేవాడు. వాళ్లది తొమ్మిదేళ్ల కాపురం. అందులో ఎనిమిదేళ్లు ఇద్దరూ కీచులాడుకున్నారు. మిగిలిన ఏడాది అతను మందను తోలుకుని ఉదయగిరి కొండల్లో ఉన్నాడు. అలాంటివాడు పోయే ముందు ఆమె చెయ్యి పట్టుకుని, “నన్ను ఒంటిగా వదిలేబాకే. నువ్వు కూడా నా పక్కనే పండుకోవాల” అన్నాడు. ఆమె “సరేలేయ్యా” అంది. తొమ్మిదేళ్లలో మొగుడి మాటకు ఎదురు చెప్పకుండా సరేనన్నది ఆ ఒక్కసారే. మాట ఇచ్చింది, తప్పితే ఎట్లా?

చంకలో బిడ్డ ఉన్నన్నాళ్లూ చావు గురించి ఆలోచించే తీరిక దొరకలేదు. ఆ బిడ్డ శ్రీకృష్ణ పెరిగి, ఆటో కొని, రమణిని పెళ్లి చేసుకున్నాక ఆమె తయారైంది. అక్కడే వచ్చింది తంటా. శ్మశానం బయటపడేది ఎండాకాలంలో, అదీ డ్యాం బాగా అడుగంటిన ఏడాదిలో. కాబట్టి ఆదిశేషమ్మ చస్తే ఎండాకాలంలోనే చావాలి. మిగతా తొమ్మిది నెలలూ చచ్చినా చావకూడదు.

వానాకాలం వచ్చిందంటే ఆమె ఒళ్లు ఆమె చేతిలో పెట్టిన పరాయివాళ్ల సొత్తు అయిపోయేది. తడవదు, జారేచోట నడవదు, కాచి చల్లార్చందే నీళ్లు తాగదు. చిన్న దగ్గొచ్చినా ఊళ్లో ఆరెంపీ డాక్టరు చంద్రమోహన్ ముందు వాలిపోయేది.

“మాత్రలు కాదు నాయనా, సూదెయ్యి. డ్యాం నిండుగా ఉండాది. ఇప్పుడు నాకేమన్నా అయిందంటే కొంప మునుగుతాది.”

ఉగాది పోయి డ్యాం తగ్గుతోందంటే వరస మారేది. మాత్రలు గూట్లో పడేసేది. ఎండు చేపలు, ఊరగాయ, ఏది వద్దంటే అది తినేది. మిట్ట మధ్యాహ్నం గొడుగు లేకుండా వీధుల్లో తిరిగేది. అయితే బలవంతపు చావు మాత్రం ఆమె లెక్కలో లేదు. ఆదెయ్య పిలవాలి, తను పోవాలి, అదీ మర్యాద. తనవైపు నుంచి తలుపు తీసి పెట్టేది, అంతే.

డ్యాం సంగతులు ఆమెకు చేపల ఖలీలుల్లా చెప్పేవాడు. సోమశిలలో చేపలు కొని టీవీఎస్ బండి మీద ఊరూరా అమ్ముతాడు. ఇంటి ముందు హారన్ కొట్టగానే ఆదిశేషమ్మ చేపల ధర కూడా అడగదు.

“ఎంత ఉండాది ఖలీలూ?”

“యాభై టీఎంసీలవ్వా.”

“అయితే ఇంకా బతకాల” అని నిట్టూర్చి, రమణిని కేకేసి బీపీ మాత్ర తెప్పించుకునేది.

ఈ సంగతి నది వెంబడి కిందికి పాకింది. సంగం వైపు రైతులు నారు పోసే ముందు శ్రీకృష్ణకు ఫోను చేసి, “మీ అమ్మ మాత్రలు మింగతా ఉండాదా?” అని అడిగేవాళ్లు. మింగుతోందంటే కాలవ నీళ్లకు ఢోకా లేదన్నమాట. ఒకాయన జలదంకి నుంచి పనిగట్టుకుని వచ్చి ఆమెకు హార్లిక్స్ సీసా కూడా ఇచ్చిపోయాడు.

వరసగా ఆరేళ్లు డ్యాం తగ్గలేదు. ఆరేళ్లూ ఆమె పళ్లు బిగబట్టి బతికింది. ఆ తర్వాతేడు వానలు ముఖం చాటేశాయి. మే నెల మొదట్లో ఒక పొద్దున ఖలీలుల్లా హారన్ కూడా కొట్టకుండా బండి దిగి లోపలికొచ్చాడు.

“అవ్వా, శ్మశానం తేలింది.”

“నీ నోట్లో చక్కెర పొయ్య!” అంది ఆదిశేషమ్మ. వెంటనే పెట్టె తెరిచి, దాచుకున్న జరీ అంచు చీర తీసింది.

పాత ఊరు తేలిందంటే కొత్త ఊరంతా చూడబోతుంది. చూడటానికి ఏముంది? మోకాలెత్తు పునాదులు, వాటి నిండా ఒండ్రు. కానీ తుమ్మలరేవు వాళ్ల పద్ధతి తుమ్మలరేవు వాళ్లది. గోడ లేకపోయినా గోడ దాటి ఎవరూ నడవరు. వీధి వెంట తిరిగి వచ్చి, వాకిలి ఉండిన చోట నిలబడి, “ఎవురున్నారమ్మా ఇంట్లో” అని కేకేసి మరీ లోపలికి అడుగు పెడతారు. శ్రీకృష్ణ అమ్మనూ ఆమె నులకమంచాన్నీ ఆటోలో వేసుకుని, దగ్గర దారని అడ్డంగా పోనిచ్చాడు. తన పాత ఇంటి పునాదుల మధ్య నిలబడి ఉన్న ప్రమీలారాణి లబోదిబోమంది.

“ఒరే, నా వంటింట్లోకి ఆటో తెస్తావా? చెప్పులన్నా ఇడిసినావా?”

“తప్పైపోయిందత్తా” అని శ్రీకృష్ణ చెప్పులు తీసి చేత్తో పట్టుకుని, ఆటోను వెనక్కి నడిపి, ఆమె వాకిట్లో నుంచే బయటికి వచ్చాడు.

శ్మశానంలో ఆదెయ్య సమాధిని వెతకడానికి మూడు రోజులు పట్టింది. తలవైపు తన చేత్తో పాతిన నాలుగు రాళ్లు ఒండ్రు కింద దొరికాక ఆదిశేషమ్మ కుదుటపడింది. పక్కనే తన గొయ్యి తవ్వించింది. మీద తాటాకు పందిరి వేయించింది. గొయ్యి అంచున నులకమంచం వాల్చుకుని, జరీ చీర కట్టుకుని, చావు కోసం పడుకుంది.

పడుకున్న మనిషిని పడుకోనిస్తారా ఊళ్లోవాళ్లు? చూడటానికి వచ్చినవాళ్లు ఊరికే రారు కదా, ఒకరు అరిసెలు, ఒకరు రాగి సంకటి, ఒకరు తాటిముంజెలు తెచ్చారు. నది గాలి చల్లగా తగిలేది. పొద్దస్తమానం కబుర్లు. ఎవరి ఇల్లు ఏ గోడ దాకా ఉండేదో, ఎవరు ఎవరి గొర్రెను కోసుకు తిన్నారో, ఆమె చెప్పాల్సిందే, మిగతావాళ్లు నోరెళ్లబెట్టి వినాల్సిందే. సందు దొరికినప్పుడల్లా పక్కకు తిరిగి, “వస్తా ఉండానులేయ్యా, తొందర పెట్టబాకు” అని సమాధికి సర్దిచెప్పేది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఈ ముసలిదానికి తలనొప్పి కూడా రాలేదు.

జూన్ నడిమికి చంద్రమోహన్ వచ్చి బీపీ చూశాడు.

“నూట ఇరవై, ఎనభై. నాకే నూటయాభై ఉండాది అవ్వా. నువ్వు ఒళ్లు కూడా చేసినావు.”

“నీ మిషను చెడిపోయింటాది, పోరా!” అని ఆమె ముఖం తిప్పుకుంది. చెడిపోలేదని ఆమెకు తెలుసు. పొద్దునే మూడు ముద్దలు సంకటి తిని, ఇంకోటుందా అని అడిగింది మరి.

వారం తిరక్కుండానే ఖలీలుల్లా రొప్పుతూ వచ్చాడు.

“అవ్వా, కడప పక్కన కుంభవృష్టంట. పైనుంచి నీళ్లు వదిలినారు. నాలుగు రోజుల్లో ఈడికొచ్చేస్తాయి.”

నాలుగు రోజులు! ఊరంతా ఆమె ముఖమే చూసింది. తినకపోతే నీరసంతోనైనా ఆదెయ్య పిలుపు వినబడుతుందేమోనని ఆమె ఒక పూట పస్తు పడుకుంది. రెండో పూట రమణి కొర్రమీను పులుసు తెచ్చేసరికి ఆగలేకపోయింది. మూడో రోజంతా కళ్లు మూసుకుని కదలకుండా పడుకుంది. గురక వినబడింది. నాలుగో రోజు పొద్దున లేచేసరికి రేవు దగ్గర నీళ్లు తళతళమంటున్నాయి. ఊళ్లోవాళ్లు మూటాముల్లె సర్దుకుని గట్టెక్కుతున్నారు.

ఆదిశేషమ్మ మంచం మీద కూర్చుని భోరున ఏడ్చింది. మొగుడు పోయిన రోజు కూడా ఆమె అంతగా ఏడవలేదు.

“నా బతుకు తగలెయ్య! చావను కూడా చేతగాలేదే నాకు! మళ్లీ ఎన్నేండ్లకు తేలతాదో ఏమో. ఆయన్ని ఒంటిగా వదిలేసి ఎట్టా పోయేదిరా?”

“ఏడవబాకు మా” అన్నాడు శ్రీకృష్ణ.

ఆమె ఉన్నట్టుండి ఏడుపాపింది. చీర కొంగుతో ముక్కు తుడుచుకుంది.

“పార తీసుకోరా. నేను ఆయన దగ్గరికి పోలేకపోతే, ఆయన్నే నాతో ఇంటికి తీసకపోతా. తవ్వు.”

శ్రీకృష్ణ, ఖలీలుల్లా పారలు పట్టారు. నాన్న ముఖం ఎట్లా ఉండేదో శ్రీకృష్ణకు గుర్తు లేదు. ఒక్క ఎముక దొరికినా చాలు, చేత్తో పట్టుకుని చూడాలని అతనికి ఆశ పుట్టింది. అందుకే ఒండ్రు తగ్గి నేల తగిలాక పార పక్కన పెట్టి, చేతులతో తీయడం మొదలుపెట్టాడు. నడుం లోతు తవ్వారు, భుజం లోతు తవ్వారు. అడుగున నీళ్లు ఊరాయి. శ్రీకృష్ణ చేతులు ఆగిపోయాయి. గోతిలో నుంచి తలెత్తి అమ్మను చూశాడు.

“మా, ఈడ ఎవురూ లేరు మా.”

“సరిగ్గా చూడరా.”

“చూసినాను మా. మన్నే.”

ఆదిశేషమ్మ నాలుగు రాళ్లను చూసింది. అవే రాళ్లు, అదే చోటు, అందులో అనుమానం లేదు.

“అయితే ఎవురి కోసంరా నేను ఇన్నేండ్లు చావకుండా ఉండింది?”

ఖలీలుల్లా బురద చేతులు లుంగీకి తుడుచుకుంటూ మెల్లగా అన్నాడు.

“ఇన్నేండ్లుగా నీళ్లు వస్తా పోతా ఉండె గదవ్వా. కరిగి నీళ్లలో కలిసిపోయింటాడు.”

“ఆ నీళ్లు యాడికి పోతాయి?”

“యాడికేంది, కాలవలకి పోతాయి. సంగం దాకా, నెల్లూరు దాకా పోతాయి. మన ఊరి కొళాయిలకొచ్చేది కూడా ఈ నీళ్లే గదా.”

ఆమె అతని వైపు గుడ్లురిమి చూసింది. తర్వాత పోయి ఆటోలో కూర్చుంది. మంచం మరిచిపోయారని రమణి కేకేసినా వెనక్కి తిరగలేదు. దారి పొడుగునా రోడ్డు పక్కన నీళ్ల పైపులైనునే చూస్తూ వచ్చింది.

ఇంటి ముందు ఆటో ఆగగానే దిగి, నేరుగా పెరట్లో పదిహేనేళ్ల కిందట వేయించిన కొళాయి దగ్గరికి నడిచింది. చెవి తిప్పింది. నీళ్లు బుసబుసమని ఒకసారి దగ్గి, ధారగా పడ్డాయి. ఆదిశేషమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని ఆ ధారను ఎగాదిగా చూసింది.

“ఏమయ్యా, పదైదేండ్లుగా పొద్దునా మాపునా ఇంట్లోకే వస్తా ఉండి, నాకొక్క మాటన్నా చెప్పొద్దంటయ్యా నువ్వు?”