వస్తేకూ వస్తేనేకూ నడుమ

ఆదోనిలో మార్కెట్ యార్డు ఎదురుగా ఒక విత్తనాల అంగడి, దాని పైన మిద్దెలో వాదిరాజ సారు క్లాసు. బ్యాంకు పరీక్షలకు రీజనింగ్ చెప్పేవాడు. చెప్పేవాడు అనేకంటే తిరిగేవాడు అనడం సబబు. బోర్డు దగ్గర నుంచి కిటికీ దాకా, కిటికీ నుంచి బోర్డు దాకా, రెండు గంటలూ కాలు నిలిచేది కాదు. ఆయన్ను చూస్తుంటే కింద కూచున్న మాకు కాళ్ళు ఆడేవి. 1980లో నేను అక్కడ చేరాను. నా పేరు అబ్దుల్ గనీ. అప్పటికే రెండుసార్లు పరీక్ష తప్పి, ఇంట్లో కడుపునిండా తిట్లు తిని, మూడోసారికి సిద్ధమవుతున్న ఘనుణ్ణి.

సారుది మంత్రాలయం దగ్గర పల్లె. తండ్రి సంస్కృత పాఠశాలలో తర్కం చెప్పిన పండితుడు. పొగ ఉంటే నిప్పు ఉంటుంది, కానీ నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండాలని లేదు, ఎర్రగా కాలిన ఇనుపగుండును చూడు, అని ఆ పిల్లవాడికి ఏడేళ్ళకే నూరిపోశారు. ఆ తర్వాత ఆయన ఎవరి మాటనూ మాటగా వినలేకపోయాడు. డిగ్రీ అయ్యాక ఒక ప్రైవేటు హైస్కూల్లో పని దొరికింది. వార్షికోత్సవంలో హెడ్మాస్టరు, “మన బడిలో క్రమశిక్షణ ఉంది కాబట్టే ఇన్ని పాసులు” అన్నాడు. మన సారు లేచి, “చదవనోళ్ళను తొమ్మిదిలోనే పంపించేస్తున్నాం గదా సార్, అందువల్ల కూడా కావచ్చు” అన్నాడు. మరుసటి నెల ఆయన్నూ పంపించేశారు.

మాకు మాత్రం బంగారం లాంటి పాఠం చెప్పేవాడు. “ఎవరేమన్నా మూడు ముక్కలు చెయ్యండప్పా. ఏం తేల్చినాడు? దేన్ని పట్టుకొని తేల్చినాడు? నోటితో చెప్పకుండా మనసులో ఏం అనుకున్నాడు? ఆ మూడో ముక్కే బండికి ఇరుసు. అది విరిగితే బండి కదలదు.” పరీక్ష పేపరు ఇంగ్లీషే. అయినా మేం ఆలోచించేది తెలుగులో కాబట్టి ప్రశ్నను తెలుగు చేసి బోర్డు మీద రాసేవాడు.

మాకు కొరుకుడు పడని ప్రశ్న ఒకటుండేది. ‘వాన వస్తే పంట పండుతుంది. వాన రాలేదు. కాబట్టి పంట పండదు. ఈ వాదన సరైనదా?’ గదంతా సరైనదే అనేది. సారు తల పట్టుకునేవాడు.

“వస్తే అన్నాడు. వస్తేనే అనలేదు. ఆ ‘నే’ యాడుంది, చూపించండి! కాలువ ఉండొచ్చు, బావి ఉండొచ్చు, వాటితోనూ పండొచ్చు.”

పెద్దతుంబళం నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చే ఉచ్చీరప్ప లేచాడు. “మా ఊరికి కాలువ లేదు సార్. బావిలో నీళ్ళు లేవు. మాకు వస్తే అన్నా వస్తేనే అన్నా ఒగటే. ‘వానొస్తే ఇత్తుతాం’ అని మా నాయన అంటే, రాకపోయినా ఇత్తుతాడనా? మీరే సెప్పండి.”

మేం నవ్వాం. సారు నవ్వలేదు. “నీ ఊరిని ఇంటికాడ పెట్టి రాప్పా. పరీక్షలో ఇచ్చిన మాట ఉంది, ఇయ్యని మాట లేదు” అన్నాడు. ఎన్నిసార్లు చెప్పినా ఆ ఒక్క ప్రశ్న దగ్గర మేమంతా బోల్తా పడేవాళ్ళం. కోస్తా నుంచి వచ్చిన కుర్రాడొకడు మాత్రం మొదటి రోజే సరిగ్గా చెప్పేశాడు. వాళ్ళకు కాలువలున్నాయి మరి.

సారు భార్య కృష్ణాబాయి అప్పటికే ఎమ్మిగనూరులో పుట్టింట్లో ఉంటోంది. అక్కడ ఆడపిల్లలకు హిందీ పరీక్షలకు చదువు చెప్పేది. ఆమె అక్కడే ఎందుకు ఉండిపోయిందో మా క్లాసులో అందరికీ తెలుసు. ఆ ఇంట్లోనే, ఆమె నాన్న తద్దినం రోజు భోజనాల దగ్గర ఆమె అన్న సేతుమాధవరావు కళ్ళనీళ్ళు పెట్టుకుని, “మా మీది ప్రేమ కొద్దీ నాన్న ఈ ఇల్లు అమ్ముకోలేదు” అన్నాడట. మన సారు విస్తరి ముందు నుంచి లేవనైనా లేవకుండా, “అట్లా తేల్చడానికి లేదు బావా, కొనేవాళ్ళు రాలేదేమో” అన్నాడట. కృష్ణాబాయి ఆ సాయంత్రం ఆయనతో బస్సెక్కలేదు. “మీ నోరు ఊరుకుంటే వస్తాను” అని గడప లోపలి నుంచే చెప్పి పంపించేసింది. ఈ సంగతి విన్న రోజు నాకు ఆయన మీద ఒళ్ళు మండింది. చచ్చిపోయిన మనిషి ప్రేమకు కూడా సాక్ష్యం కావాలా?

ఒకరోజు క్లాసులో ఆయన బోర్డు మీద ఇట్లా రాశాడు: ‘అతను ఊరుకుంటే ఆమె వస్తుంది. అతను ఊరుకోలేదు. కాబట్టి ఆమె రాదు.’

మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

“తప్పు!” అన్నాడు తనే, సుద్దముక్కతో బోర్డును పొడుస్తూ. “ఊరుకుంటేనే అని ఆమె అనలేదు. ఊరుకోకపోయినా రావచ్చు. దారి మూసుకోలేదు, తెలిసిందా?”

ఆ మొహంలో సంతోషం చూసి నాకు భయం వేసింది. ఒక్క అక్షరం లేకపోవడాన్ని పట్టుకుని ఆ మనిషి కాపురం వేలాడుతోంది. ఉచ్చీరప్ప తల వంచుకుని, “మా ఊరి లెక్కలో అయితే రాదు” అని గొణిగాడు. సారు వినలేదో, విననట్టు ఉన్నాడో.

ప్రతి ఆదివారం పొద్దున ఎమ్మిగనూరు బస్సు ఎక్కేవాడు. సాయంత్రం ఒక్కడే దిగేవాడు. సోమవారం కిటికీకీ బోర్డుకూ మధ్య ఇంకా జోరుగా తిరిగేవాడు. ఇట్లా మూడేళ్ళు.

1983లో నేను గట్టెక్కాను. ‘నే’ ప్రశ్నలు మూడు వచ్చాయి, మూడూ సరిగ్గా కొట్టాను. ఉద్యోగం ఎమ్మిగనూరులోనే వేశారు. చెబుదామని పోతే సారు మిఠాయి చేతిలో పట్టుకుని తినడం మరిచిపోయాడు. “గనీ, ఒకసారి ఆమెను కలిసి రాప్పా. మనసులో ఏముందో కనుక్కో. నాకు నిద్ర లేదు, తిండి లేదు” అన్నాడు.

కృష్ణాబాయి నన్ను అరుగు మీద కూచోబెట్టి కాఫీ ఇచ్చింది. సారు పేరు ఎత్తగానే చేతిలోని హిందీ పుస్తకం మూసేసింది.

“వారం వారం వస్తాడప్పా. వచ్చి ఈ వాకిట్లోనే ఇటూ అటూ తిరుగుతాడు. నా మాటలో తప్పు యాడుందో చూపిస్తాడు. నేను రావడానికి అడ్డం లేదని రుజువు చేస్తాడు. రుజువంతా సరిగ్గానే ఉంటాది, నాకు తెలీదా? అది అయిపోతానే బస్సుకు టైమయిందని పోతాడు. రమ్మని ఒక్కనాడన్నా పిలిచినాడేమో అడుగు.”

శనివారం బ్యాంకు మూయగానే ఆదోనికి పోయి ఆ మాట చెప్పాను. సారు నడక ఆగింది.

“పిలవలేదా? వారం వారం అంత దూరం పోతాండానంటే పిలిచినట్టే గదప్పా!”

“నోటితో చెప్పకుండా మీరు మనసులో అనుకున్నది సార్ అది” అన్నాను. గురువుతో అట్లా మాట్లాడకూడదు. కానీ మూడేళ్ళుగా చూస్తూ దాచుకున్న కోపం నాది. “మాకు మూడో ముక్క వెతకమని చెప్పినారు గదా. మీది ఇదే.”

మరుసటి రోజు నన్నూ వెంట తీసుకుపోయాడు. బస్సులో దారి పొడుగునా చేత్తో ముందు సీటు కమ్మీని మీటుతూనే ఉన్నాడు. వాకిట్లోకి వెళ్ళేసరికి కృష్ణాబాయి గుమ్మంలో నిలబడింది.

“నువ్వు రావాలి. ఎందుకంటే...” అని మొదలుపెట్టాడు. ఇంకేముంది, పాఠం వస్తుంది, మళ్ళీ ఒక్కడే బస్సెక్కుతాడు అనుకున్నాను. ఆమె కూడా అదే అనుకున్నట్టుంది, తలుపు మీద చెయ్యి వేసింది.

సారు ఆ మాటను అక్కడే వదిలేశాడు. వాళ్ళ ఇంట్లో మాట్లాడుకునే కన్నడంలో, “బా” అన్నాడు. రా అని.

“ఎందుకంటే?” అంది ఆమె.

“ఎందుకూ లేదు. బా.”

ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఈ ఒక్క మాటకు మూడేండ్లు కాచుకోని ఉన్నానండీ” అంటూ ఏడ్చేసింది. సంచీ సర్దుకోవడానికి లోపలికి పోయింది. లోపల పెట్టె మూత తీసిన చప్పుడు మాకు వినపడింది.

సారు నా భుజం గట్టిగా పట్టుకున్నాడు.

“ఇంత చిన్నది నాకు తెలిసి ఉండాల్సింది గదా, గనీ?”

ఓదార్పుగా ఏదైనా అందామనుకున్నాను. కానీ అవునన్నాను.