వెనక చాపలకు చెప్పిన పెద్దమ్మ

దేవుడు ఒకరికి ఇచ్చిన వరానికి, ఇక చాలు కూర్చో అని చెప్పే హక్కు మరో మనిషికి ఉంటుందా? ఏళ్లుగా ఈ ప్రశ్న నాతోనే ఉంది. పోయిన నెల చర్ల నుంచి తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, పెద్దమ్మ పోయింది. పొద్దుగాల లేవనే లేదు" అన్నప్పుడు ఏడుపు కంటే ముందు నాకు సిగ్గు వచ్చింది.

ఆమె మాకు చుట్టం కాదు. మా నాన్న చర్ల అవతలి అడవి పల్లెలో బడిపంతులుగా చేసినప్పుడు పక్కిల్లు ఆమెది. కోయవాళ్లు. చదువు లేదు. కానీ మా చిన్న చర్చిలో పాస్టరు అయ్యగారు తెలుగులో ప్రసంగిస్తుంటే, పక్కన నిలబడి కోయలో చెప్పేది ఆమే. వెనక చాపల మీద కూర్చునే ముసలమ్మలకు తెలుగు అంతగా రాదు. పెద్దమ్మ చెప్పడానికి లేచే ముందు నోట్లో పొగాకు ఉమ్మేసి, కుండలో నీళ్లతో మూడుసార్లు పుక్కిలించేది. "దేవుని మాట పోయే తొవ్వ గదా బిడ్డా, ఊడ్సుకోవాలె" అనేది.

అయ్యగారు మూడు ముక్కలు చెబితే ఆమె పది చెప్పేది. ముసలమ్మలు నవ్వేవారు, కళ్లు తుడుచుకునేవారు. నేను ఎం.ఏ. చేసి, భద్రాచలంలో కాలేజీ పిల్లలకు పాఠాలు చెబుతూ, ఆదివారాలు వచ్చి వాక్యం చదివేదాన్ని. నేను చదివేటప్పుడు వెనక ఒక్క తలా లేచేది కాదు.

ఒకసారి తప్పిపోయిన గొర్రె గురించి ప్రసంగం. నాకొచ్చిన నాలుగు కోయ మాటల్లో ఒకటి ఆమె నోట వినబడింది. బయటికొచ్చాక నిలదీశాను.

"గొర్రెను మేకను చేసినవేంది పెద్దమ్మా?"

"మా ముసలోళ్లల్ల గొర్రెను మేపినోళ్లు ఎవలున్నరే? మేక తప్పిపోతే ఎట్లుంటదో ఎర్క."

"బైబిల్ల మేకలు తీర్పునాడు ఎడమ దిక్కు నిలబడేటివి, నరకానికి పోయేటివి. తెలుసా?"

"గట్లయితే మరీ మంచిదాయె!" పగలబడి నవ్వింది. "ఎడమ దిక్కుదాన్ని గూడ దేవుడు ఎతుక్కుంట వచ్చిండన్నట్టు."

చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

ఆ ఏడు కోతపండుగకు ఖమ్మం నుంచి పెద్ద అయ్యగారు వస్తున్నారని, ఆరాధన క్రమం రాసే పని నాకిచ్చారు. కోయలో చెప్పేవారి దగ్గర ఆమె పేరు తీసేసి, ఊరి బడికి కొత్తగా వచ్చిన కోయ టీచరు పేరు రాశాను. ఆ పొద్దున ఆమె అప్పటికే పుక్కిలించి, కొంగు దోపుకుని నిలబడి ఉంది.

"ఈసారి సార్ చెప్తడు పెద్దమ్మా. నువ్వు అలసిపోతవ్."

"అలసిన్నని నేనెప్పుడన్న అన్ననా?" నా మొహంలోకి చూసింది. దోపిన కొంగు వదిలేసి, "సరే తియ్. చాపలు పరుస్త" అంది.

టీచరు ఒక్క మాటా కలపకుండా, పొల్లుపోకుండా చెప్పాడు. ఏడాదికే బదిలీ అయి వెళ్లిపోయాడు. తర్వాత అంతా తెలుగే. వెనక కూర్చునేవాళ్లు ఒక్కొక్కరే రావడం మానేశారు. ఆమె మాత్రం ప్రతి ఆదివారం వచ్చి ఆ ఖాళీ చాపలు పరిచేది. మళ్లీ చెప్పమని నేను అడగలేదు. అడగాలంటే ముందు నా తప్పు ఒప్పుకోవాలి. ఒక వానాకాలం నాకు మలేరియా వస్తే ఇంటికొచ్చి, నా నుదుటి మీద చెయ్యి పెట్టి కోయలో ప్రార్థన చేసింది. "నీకు తెల్వకపోతేంది బిడ్డా, ఆయనకు తెలుస్తది" అంది.

సమాధి దగ్గర అయ్యగారు ఆమె గురించి ఎన్నో మంచి మాటలు చెప్పారు, తెలుగులో. చర్చి మానేసిన ముసలమ్మలందరూ వచ్చారు. ఒకామె నా కొంగు లాగి, వచ్చీరాని తెలుగులో అడిగింది.

"ఏమంటుండు బిడ్డా?"

"మంచిగనే చెప్తుండు" అన్నాను. అంతకంటే ఆమె భాషలో చెప్పడం నాకు రాదు.

ముసలమ్మ, జనం మట్టి పోస్తున్న గుంత వైపు చూసింది. "అది ఉంటే చెప్పేది" అంది.

అందరూ వెళ్లాక కూడా ఆ ముసలమ్మలు అక్కడే గొంతుక్కూర్చుని ఉన్నారు, ఇంకా ఎవరో వచ్చి చెబుతారన్నట్టు. నేను ఆ పండుగనాడు ఆమె పేరు తీసేసింది వాక్యం మీది భయభక్తులతోనా, ఆమె మాట విన్నట్టు నా మాట ఎవరూ వినలేదన్న కడుపుమంటతోనా, నాకు ఇప్పటికీ తేలలేదు.