జవాబు వచ్చేదాకా

మొన్న సాయంత్రం ద్వారకా నగర్ సిగ్నల్ దగ్గర నా స్కూటీ పక్కన ఒక పాత కారు వచ్చి ఆగింది. కారు ఆగింది గానీ దాని వణుకు ఆగలేదు. బానెట్ అదురుతోంది, కిటికీ అద్దాలు గడగడ కొట్టుకుంటున్నాయి. సగం కాలిన పెట్రోలు వాసన హెల్మెట్ లోపలికి కూడా వచ్చింది. పక్కవాళ్ళు ముక్కు మూసుకున్నారు. నాకు మాత్రం పెందుర్తిలో ఒక ఇంటి ముందు సిమెంటు గచ్చు, దాని మీద కుర్చీలో కూర్చున్న సింహాచలం గారు, ఆయన మొహంలోకి వంగి చూస్తున్న పైడమ్మ గారు కళ్ళముందుకు వచ్చారు.

పరవాడలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం దొరికిన కొత్తలో నేను వాళ్ళ మేడ మీద గదిలో అద్దెకుండేదాన్ని. నాకు చిన్నప్పటి నుంచీ నత్తి. గది చూడటానికి వెళ్ళిన రోజు పైడమ్మ గారు నా పేరడిగారు. "ద... ద..." దగ్గర మాట ఇరుక్కుపోయింది. అలాంటప్పుడు ఎదుటివాళ్ళు దుర్గా, దేవీ అంటూ తలో పేరూ అందిస్తారు. వాళ్ళది జాలే కావచ్చు, కానీ నా నోట్లోంచి నా పేరు లాగేసుకున్నట్టుండేది. పైడమ్మ గారు ఏమీ అందించలేదు. ద్వారబంధం మీద చెయ్యి ఆనించి, తొందరేమీ లేనట్టు నిలబడ్డారు. చివరికి "దమయంతి" అన్నాను. "మంచి పేరు. నీళ్ళు పొద్దున్నే వొత్తాయి, బేగి పట్టేసుకో అమ్మీ," అన్నారు. అంతే. ఆ గది నాకు అంతగా నచ్చకపోయినా ఆ రోజే అందులో దిగిపోయాను.

ఆవిడ అలా ఆగడం ఎక్కడ నేర్చుకున్నారో దిగిన తర్వాత తెలిసింది. సింహాచలం గారు పోర్టులో క్రేను నడిపిన మనిషి. రిటైరయ్యాక పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలుతో పాటు మాట కూడా పోయింది. వినికిడి, తెలివి ఎక్కడికీ పోలేదు. అవునంటే ఎడమచేత్తో కుర్చీ మీద తట్టేవారు, కాదంటే అరచెయ్యి అడ్డంగా ఊపేవారు. పైడమ్మ గారు ఆయన్ని అడగకుండా ఏదీ చేసేవారు కాదు. వంకాయ వండాలా, ఆనపకాయా? ఫ్యాను వెయ్యాలా? అడగడం, ఆ చెయ్యి కదిలేదాకా చూడటం. కుట్టుమిషను మీద ఎంత పని పేరుకుపోయినా సరే, అడిగి ముందుకు కదిలిపోవడం ఆవిడ ఎరగరు.

ఇంటి పక్క రేకుల షెడ్డులో ఆయన కారు ఉండేది. సెకండ్ హ్యాండులో కొని, ఆదివారాలన్నీ దాని కింద పడుకుని బాగుచేసుకున్న తెల్ల కారు. ఆయన పడిపోయిన దగ్గర్నుంచీ బరకం కిందే ఉంది. ఒక ఆదివారం ఆయన తమ్ముడు అప్పారావు గారు పాత సామాన్లు కొనే మనిషిని వెంటబెట్టుకుని వచ్చారు. నేను అప్పుడు కిందే ఉన్నాను.

"తుప్పట్టిపోతంది వదినా. ఇచ్చేద్దుం. ఏటంటావు?"

"నన్నడుగుతావేటి? కారు మీ అన్నయ్యది." ఆవిడ కుర్చీ దగ్గరకు వెళ్ళి వంగారు. "ఏటండీ, కారు ఇచ్చేద్దుమా?"

"అన్నయ్యకేటి తెలుత్తాదిప్పుడు? పాపం, ఊరికే..." అని అప్పారావు గారు మొదలుపెట్టారు.

"నువ్వుండు మరిదీ. ఆయన సెప్పనీ."

వచ్చిన మనిషి కాలు మార్చి కాలు మీద నిలబడ్డాడు. సింహాచలం గారి కళ్ళు షెడ్డు వైపు తిరిగి అక్కడే ఉండిపోయాయి. తర్వాత అరచెయ్యి లేచింది. ఒకసారి కాదు, కుర్చీ ఊగిపోయేలా అడ్డంగా ఊపారు. అప్పారావు గారి మొహం ఎర్రబడింది. అన్నయ్యకు ఇంత గట్టి అభిప్రాయం ఇంకా ఉంటుందని ఆయన అనుకోలేదు. కారు అమ్మకపోవడమే కాదు, దాన్ని రోడ్డెక్కించాలని పైడమ్మ గారు ఆ రోజే నిశ్చయించుకున్నారు.

పాత టౌను నుంచి బాషా అనే మెకానిక్ వచ్చాడు. సింహాచలం గారికి ఎప్పటి నుంచో తెలిసినవాడు. బ్యాటరీ మార్చాడు, ట్యాంకు కడిగాడు, ప్లగ్గులు కొత్తవి వేశాడు, కార్బురేటర్ విప్పి శుభ్రం చేశాడు. ఇంజను అందుకుంది. కానీ యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, చలిజ్వరం వచ్చినట్టు వణికిపోయేది. "అన్నీ సూసేసానమ్మా. ఇంకా వణుకుతన్నాది. ఏటి సెయ్యాలో తెల్డం లేదు," అన్నాడు బాషా, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ. అతని గొంతులో ఓటమి వినపడింది.

ఆ రోజు సింహాచలం గారి కుర్చీని గచ్చు మీదకు, కారు ముందుకు తెచ్చాం. ఇంజను వణుకుతూ ఉంటే ఆయన పెదాల సందుల్లోంచి "స్స్... స్స్..." అని శబ్దం చేశారు. బాషా కంగారుపడ్డాడు. "నొప్పేమో అమ్మా, లోపలికి తీసుకెళ్దుం!" నేనూ కుర్చీ పట్టుకున్నాను. పైడమ్మ గారు మా ఇద్దర్నీ చెయ్యెత్తి ఆపారు.

"నొప్పా?" చెయ్యి అడ్డంగా ఊగింది. "మంచినీళ్ళా?" మళ్ళీ కాదు. "కారు సంగతా?" తట్టారు. ఆవిడ ఆలోచించారు. ఆయన మళ్ళీ "స్స్" అన్నారు, నుదుటి మీద చెమటతో. "గాలా? గాలి పోతందా?" కుర్చీ మీద ఆ చెయ్యి పడుతూనే ఉంది, పడుతూనే ఉంది.

బాషా ఇంజను వెనక్కి చెయ్యి పెట్టి, గాలి పీల్చే సన్నటి రబ్బరు గొట్టం పొడుగునా తడుముకుంటూ పోయాడు. పైకి నిక్షేపంగా ఉన్న గొట్టం అడుగువైపు చీలి ఉంది. ఆ చీలికను వేళ్ళతో మూయగానే ఇంజను కుదుటపడింది. అంత చప్పుడులో ఆ బుస ఆయన ఒక్కరికే వినిపించింది. "ఒరే నాయనా!" అని బాషా నవ్వుతూ ఆయన కాళ్ళ దగ్గర కూలబడిపోయాడు. పైడమ్మ గారు మాత్రం నవ్వలేదు. కొంగుతో ఆయన నుదురు తుడుస్తూ, "ఎంత కట్టపడ్డారండీ సెప్పడానికి," అన్నారు.

కొత్త గొట్టం వేసిన మర్నాడు బాషా నడుపుతుండగా బయల్దేరాం. ఆయన ముందు సీట్లో, మేమిద్దరం వెనక. ఇన్నేళ్ళ తర్వాత ఆయన పోర్టు క్రేన్లే చూడాలనుకుంటారని బాషా, నేను ముందే తేల్చేసుకున్నాం. ఎన్‌ఏడీ కూడలి వచ్చేసరికి బాషా కారును తిన్నగా పోర్టు దారి పట్టించబోయాడు. "ఆగు, అడగనీ," అన్నారు పైడమ్మ గారు. "ఎటెళ్దుమండీ?" ఆయన చెయ్యి ఎడమ కిటికీ వైపు లేచింది. అటు బీచ్‌కి దారి. తీరా అక్కడికి వెళ్తే ఆయన సముద్రాన్ని కూడా చూడలేదు. మరమరాల మురీ మిక్చరు బండి వైపు వేలు చూపించారు. పైడమ్మ గారు పగలబడి నవ్వారు. "ఉజ్జోగమంతా ఆ క్రేన్లలోనే కూకున్నాడు గదా, ఇంకా అవేటి సూత్తాడు!" పల్లీలు ఏరేసి, మురీని టమాటా రసంలో మెత్తబరిచి, కొంచెం కొంచెం ఆయన నోట్లో పెట్టారు. ఆయన తృప్తిగా నములుతుంటే నేను మొహం పక్కకి తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాను.

కొన్నాళ్ళకు ల్యాబ్ మీటింగులో ఒక బ్యాచ్ గురించి చెప్పడానికి లేచాను. "ఈ శాంపిల్ స... స..." అంటుండగానే మా పెద్దసారు, "సరిగ్గానే ఉందంటావు, కూర్చో," అన్నారు. నేను చెప్పదలచుకున్నది సరిగ్గా లేదని. అంతకుముందైతే కూర్చునేదాన్నే. ఆ రోజు అరచెయ్యి అడ్డంగా ఊపాను. గదిలో అందరూ నన్నే చూశారు. మాట దొరికేదాకా నిలబడి, "సరిగ్గా లేదు సార్," అన్నాను. మళ్ళీ పరీక్ష చేయించారు. బ్యాచ్ ఆగిపోయింది. ఆ సాయంత్రం పైడమ్మ గారికి ఇదంతా చెప్పాను, చాలాసేపు పట్టింది. మిషను ఆపి మొత్తం విన్నారు.

ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు. ముందు ఆయన, ఆ తర్వాత ఆవిడ. నత్తి నాతోనే ఉంది. ఈ మధ్య మా ల్యాబ్‌లో ఉద్యోగాల ఇంటర్వ్యూలకు వచ్చే పిల్లల్ని నేనే ప్రశ్నలడుగుతున్నాను. భయంతో కొందరికి నోట మాట రాదు. నా పక్కన కూర్చున్నవాళ్ళు జవాబు అందించబోతే నేను ఒప్పుకోను. కలం కింద పెట్టి, ఆ పిల్ల మొహంలోకి చూస్తూ, తొందరేమీ లేదన్నట్టు కూర్చుంటాను.