చిల్లు దాటిన కోత

గోరంత కోత అది, కాగితం మీద. దాని బరువు ఇన్నేళ్లుగా నేనొక్కణ్ణే మోస్తున్నాను. మా ఆవిడకు చెప్పలేనిది మీకు చెబుతున్నాను.

మేమిద్దరం బళ్లారిలో ఇంజనీరింగు చదివేటప్పుడు ఆమె ఒక కాగితం వల తయారు చేసింది. వాళ్ల నాన్నకు కప్పగల్లు దగ్గర అంజూర తోట ఉండేది. పళ్లు మార్కెట్టుకు చేరేలోపే సగం నలిగిపోయేవి. దళసరి కాగితాన్ని మడతలు వేసి, వరుసగా కోతలు పెట్టి, రెండు చివర్లూ పట్టి లాగితే అది గూళ్లు గూళ్లుగా విచ్చుకునేది. గూటికొక పండు. ప్రతి కోత చివరా చిన్న గుండ్రటి చిల్లు పెట్టేది, చిరుగు అక్కడే ఆగిపోవాలని. ఆ పని చేస్తూ నాలుక కొస పళ్ల మధ్య పట్టుకునేది. నాకు ఆమె మీద మనసైంది అప్పుడే.

వల పరీక్షలో నిలబడితే ఆమెను డిజైను పనికి తీసుకుంటామని ఒక బెంగళూరు కంపెనీ వాళ్లు చెప్పారు. నిలబడుతుందని నాకు తెలుసు. ఆమె వెళ్లిపోతే? నా మనసులో మాట ఇంకా చెప్పనే లేదు. మాట చెప్పడానికి లేని ధైర్యం బ్లేడు పట్టడానికి ఎక్కణ్ణించి వచ్చిందో. పరీక్ష రోజు ఆమె భోజనానికి వెళ్లినప్పుడు నడిమి కోతను చిల్లు దాటించి కాస్త పొడిగించాను.

అందరి ముందూ పళ్లు నింపి ఎత్తింది. పర్రున చిరిగింది. పళ్లన్నీ నేల మీద పడి చితికిపోయాయి.

తర్వాత వరండాలో నా పక్కన కూర్చుని అడిగింది.

"లెక్క యాడ తప్పిందప్పా? నాకు తెలుస్తాలేదు."

"పోనీలే, కాగితమే గదా," అన్నాను.

కోసినదానికన్నా ఆ మాటే పెద్ద తప్పేమో. ఆ ఓదార్పుతోనే ఆమె నాకు దగ్గరైంది, నన్ను పెళ్లి చేసుకుంది. ఇప్పుడు బడిలో లెక్కలు చెబుతుంది. సంతోషంగానే ఉన్నాం, నిజంగానే. అదే నన్ను తినేస్తోంది. ప్రేమతోనే చేశానని ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో. ప్రేమే అయితే వెళ్లనిచ్చేవాణ్ణి కాదా?

మొన్న పార్సిల్లో ఒక గాజు సీసాకు అలాంటి కాగితమే చుట్టి వచ్చింది. ఆమె దాన్ని లాగి చూసింది, వదిలి చూసింది. ఎవరో లెక్క సరిగ్గా కట్టారని మెచ్చుకుంది. ఆ గొంతులో అసూయ లేదు. ఉన్నా బాగుండేది. నలగకుండా మడిచి బీరువాలో పెట్టుకుంది. చెప్పేద్దామని నోరు తెరిచి, నీళ్లు కావాలా అని అడిగాను.

ఆమెకు ఎప్పటికైనా చెబుతానో లేదో తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఒక్క మాట నా చేత్తో రాసి చూసుకోవాలనిపించింది. ఆమె లెక్క తప్పలేదు. ఆమె చిల్లు దాకానే కోసింది. దాటించింది నేను.