షోకేసులో బీయే ఫొటో

తిరువూరులో బస్సులు ఆగేచోట శివపార్వతి ఫొటో స్టూడియో ఉండేది. శివపార్వతి అంటే యజమాని బసవపున్నయ్య భార్య. ఆవిడ ఫొటో మాత్రం షోకేసులో ఒక్కటీ లేదు, దాని మీద ఇంట్లో వేరే గొడవ ఉండేది లెండి. షోకేసు నిండా బీయేలే.

చుట్టుపక్కల డిగ్రీ పాసైన ప్రతివాడూ బసవపున్నయ్య దగ్గరున్న నల్లగౌను తొడుక్కుని ఫొటో దిగాల్సిందే. చేతిలో చుట్టి పట్టుకున్నది పట్టా అనుకునేరు, ఎరువుల కొట్టువాళ్లిచ్చిన పాత క్యాలెండరు. మొదట్లో ఏడాదికి ఒకరో ఇద్దరో వచ్చేవాళ్లు. చుట్టాలంతా బండ్లు కట్టుకుని వెంట వచ్చేవాళ్లు, ఆయన గౌను ఇస్త్రీ చేయించి కాచుక్కూచునేవాడు. డెబ్బై ఆరు, డెబ్బై ఏడు వచ్చేసరికి గుంపులుగా దిగడం మొదలైంది. ముందువాడు గౌను పూర్తిగా విప్పకముందే వెనకవాడు చెయ్యి దూర్చేవాడు. పాపం, దాని భుజాలు పిగిలి మాసికలు పడ్డాయి. ఫొటో దిగినవాళ్లు ఉద్యోగాల కోసం చెప్పులరిగేలా తిరిగి, చివరికి ఆ స్టూడియో అరుగుమీదే చేరి పేపరు చదువుకునేవాళ్లు. పోండర్రా అని కసిరేవాడే గానీ, టీ తాగించకుండా ఒక్కణ్ణీ పంపేవాడు కాదు బసవపున్నయ్య.

వాళ్లలో వినగడప బాలశౌరి అంటే ఆయనకు ప్రాణం. వాళ్ల పేటలో మొదటి బీయే అతనే. కూలికెళ్లి చదివించింది తల్లి మేరమ్మ. షోకేసు నడిమధ్యన ఉన్నది అతని ఫొటోయే. తిరువూరు వచ్చినప్పుడల్లా మేరమ్మ పైటకొంగుతో ఆ అద్దం తుడిచి, దారినపోయేవాళ్లను ఆపి మరీ 'మావాడే, బీయే' అని చెప్పేది. వినేవాళ్లకు తీరిక ఉందో లేదో ఆవిడకు పట్టేది కాదు.

ఒకరోజు పొద్దున్నే బాలశౌరి మొహం చిన్నబుచ్చుకుని వచ్చాడు. విస్సన్నపేట బస్సులు తిప్పే వెంకటప్పయ్యకు కండక్టరు కావాలట. బీయేలను మాత్రం ఛస్తే పెట్టుకోనన్నాడట, ఇంతకుముందు పెట్టుకున్నవాళ్లు బ్యాంకు పరీక్షలంటూ చెప్పాపెట్టకుండా పోయారట. పదో తరగతేనని చెప్పి బాలశౌరి పని సంపాదించాడు. తీరా చూస్తే ఆ వెంకటప్పయ్య రోజూ బస్సు దిగేది ఈ షోకేసు ముందే.

"నా ఫొటో తీసెయ్యండి పున్నయ్యగారూ. అమ్మకి మాత్రం చెప్పకండి" అన్నాడు తలెత్తకుండా.

బసవపున్నయ్య వెంకటప్పయ్యను తిట్టాడు, కాలేజీలు పెట్టినవాళ్లను తిట్టాడు, మధ్యలో బాలశౌరిని కూడా తిట్టాడు. తిట్టి తిట్టి, ఫొటో తీసి లోపల పెట్టాడు.

ఆ తర్వాతి సంతరోజున మేరమ్మ రానే వచ్చింది. కొంగు చేత్తో పట్టుకుని ఖాళీచోటు ముందు నిలబడిపోయింది. ఫొటో ఎండకు వెలిసిపోతోందనీ, అసలు అద్దమే పగిలిందనీ పొంతన లేని అబద్ధాలు ఒక్క గుక్కలో చెప్పేశాడు బసవపున్నయ్య.

ఆవిడ అంతా విని, తాను కొడుకు బస్సులోనే వచ్చానంది. ముందుసీట్లో కూర్చున్న యజమాని, నా బస్సుల్లో బీయేలను పెట్టుకోనని పక్కాయనతో గొప్పగా చెబుతున్నాడట. అంతలో ఈవిడ కండక్టరు తల్లని తెలిసి, మీవాడెంత చదివాడని అడిగాడట.

"పదో తరగతేనండి అని నేనే చెప్పాను" అంది మేరమ్మ.

బసవపున్నయ్య కెమెరా గుడ్డ సర్దుకున్నాడు.

"ఆ గౌను మీది బాబుగారూ. ఖాకీబట్టలు నా కొడుకువి. వాటిల్లో ఒక ఫొటో తీసి ఆడనే పెట్టండి" అందావిడ.

బాలశౌరి టికెట్ల సంచీ భుజాన వేసుకుని ఫొటో దిగాడు. పాత ఫ్రేములోనే ఆ ఫొటో బిగిస్తూ, గౌను ఫొటోను తీసెయ్యడానికి బసవపున్నయ్యకు చేతులు రాలేదు. వెనకాలే ఉంచి మేకులు కొట్టేశాడు.

మళ్లీ సంతకు మేరమ్మ వచ్చి అద్దం తుడిచింది. దారినపోయే ఒకాయన్ను ఆపింది. 'మావాడే' అని, అక్కడితో ఆగింది.