ఒక్క ఓటు తేడా

జగిత్యాల నుంచి కోరుట్ల వెళ్లే బస్సులో పక్క సీటాయన తన ఫోన్ నా ముందు పెట్టాడు. అందులో ఒక పొడుగాటి మనిషి పాట పాడుతున్నాడు.

"ఫిలిప్పీన్స్ బాస్కెట్‌బాల్ ప్లేయర్ సార్. ఆట బందువెట్టి లీడరయిండు. ఇప్పుడు టీవీల పాటలు పాడుతున్నడు. దుబాయ్‌ల నా రూంల ఉండే ఫిలిప్పీన్ దోస్తు చూపెట్టిండు. నేను గుడ కబడ్డీ ఆడినోన్నే. గందుకే ఊరికచ్చి సర్పంచ్‌కు నిలవడ్డ."

"గెలిచారా?" అన్నాను.

"ఒక్క ఓటుతోని ఓడిన. గా ఓటు ఎవలు తప్పించిండ్రో ఇంకా దేవులాడుతున్న."

ఆయనకు అవతలి పక్క, కిటికీ దగ్గర కూర్చున్న ఆయన భార్య తల తిప్పకుండానే, "నేనే. అవతలోనికేసిన," అంది.

ఆయన గిర్రున ఆమె వైపు తిరిగాడు. నేను నవ్వాపుకోవడానికి దగ్గాను. మా కాకినాడ వైపు ఇలాంటి గుట్టు ఇంట్లో కూడా విప్పరు. ఈమె కొత్తవాడి ముందు, బస్సులో విప్పేసింది.

"ఇరవై ఏండ్లు దుబాయ్‌ల ఉంటివి. గెలిస్తే మళ్ల ఇంట్ల ఉందువా? పొద్దుందాక పంచాయితీలేనాయె," అందామె.

ఆయన ఫోన్‌లో పాడుతున్న మనిషికేసి చూశాడు. మెల్లగా, "మరి పాటలన్న పాడుదునా?" అని అడిగాడు.

"పాడు. నా పక్కన కూసోని పాడు."

కోరుట్ల వచ్చేదాకా ఆయన పాడుతూనే ఉన్నాడు. గొంతు అస్సలు బాగాలేదు. ఆమె మాత్రం ఒక్కసారీ ఆపమనలేదు.