దేవసహాయం గారి ఆరు సెకన్లు

1963 నవంబరు నెల. ఖరగ్‌పూర్ గోల్‌బజారులో నేను గడియారాల మరమ్మతు దుకాణం పెట్టి అప్పటికి పదకొండేళ్ళు. దుకాణం అనగానే అద్దాల బీరువాలు ఊహించుకోకండి. ఒక బట్టల కొట్టుకూ ఒక మిఠాయి కొట్టుకూ మధ్య, ఇద్దరూ వద్దనుకున్న సందు అది. నేను కూర్చున్నాక ఇంకొక మనిషి పట్టడు. అందువల్లే నా దగ్గర పని నేర్చుకోవడానికి ఎవరూ రాలేదని నేను అనేవాణ్ణి. నా పని చూసి రాలేదని గిట్టనివాళ్ళు అనేవారు.

టైము బాగోలేకపోతే మనవాళ్ళు జ్యోతిష్కుడి దగ్గరికి వెళతారు. ఖరగ్‌పూర్ రైల్వే ఊరు కనుక ఇక్కడ టైము బాగోలేనివాళ్ళు నా దగ్గరికి వచ్చేవారు. వర్క్‌షాపు సైరన్ మోగేసరికి గేటు దాటి ఉండాలి. దాటలేకపోయినవాళ్ళు చేతి గడియారం విప్పి నా బల్ల మీద పెట్టి, "ఇది స్లో అయిపోతంది మేస్త్రీ" అనేవారు. చాలా గడియారాల్లో ఏ లోపమూ ఉండేది కాదు. లోపం దుప్పట్లో ఉండేది. ఆ మాట పైకి అనలేక ముళ్ళు రెండు నిమిషాలు ముందుకు తిప్పి ఇచ్చేవాణ్ణి. వాళ్ళు సంతోషంగా వెళ్ళేవారు. దాన్ని నేను దయ అనుకునేవాణ్ణి. ఆ దయ ఒక ఇంట్లోకి ఎంత దూరం వెళ్ళిందో చెప్పడానికే ఈ కేసు రాస్తున్నాను.

దేవసహాయం వర్క్‌షాపులో ఫిట్టరు. తాతల నాడు భీమిలి వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. న్యూ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో క్వార్టరు, భార్య రూతమ్మ, నాలుగేళ్ళ కూతురు, ఒక చంటిపిల్లాడు. మనిషి ఎంత సన్నమంటే, నా సందులో నాతోపాటు పట్టిన ఏకైక ఖాతాదారు ఆయనే. కారణం పరుగు. రైల్వే గ్రౌండు చుట్టూ ఇరవై అయిదు చుట్లు, అంటే పది వేల మీటర్లు, ఏకబిగిన పరుగెత్తేవాడు. నేను జీవితంలో పరుగెత్తింది కదిలిపోతున్న రైలు కోసం ఒక్కసారి, అదీ అందలేదు.

ఆ సాయంత్రం ఆయన బల్ల మీద పెట్టింది స్టాప్‌వాచ్. బొత్తాం నొక్కితే కదిలి, మళ్ళీ నొక్కితే ఆగే గడియారం. ఊరు వదిలి వెళ్ళిపోతూ ఒక ఆంగ్లో-ఇండియన్ ఫోర్‌మన్ ఇచ్చాడట.

"బాబాయ్, ఈ వాచీ పరిగెడతంది. సూడు."

"మన భాషలో గడియారాలు నడుస్తాయి నాయనా. పరిగెత్తవలసింది నువ్వు."

"నేను పరిగెడతనే ఉన్నాను! అదే నాకంటే ముందు పోతంది. ఎంత గట్టిగా పోయినా ముప్పై నాలుగు నిమిషాలా నాలుగు సెకన్లు, అయిదు సెకన్లు సూపిస్తంది. వర్క్‌షాపులో మోటార్ల కాడ మేగ్నెట్ పట్టేసినట్టుంది."

"ముప్పై నాలుగు అయితే ఏటి, నాలుగు సెకన్లు ఎక్కువైతే ఏటి?"

"క్రిస్మస్ లోపల ముప్పై నాలుగు లోపల రావాల బాబాయ్. రాకపోతే ఇంక పరుగు నేదు. బూట్లు అటక మీదకే."

ఎందుకని నేను అడగలేదు. అడిగి ఉంటే ఈ కేసు ఇక్కడే ముగిసేది.

మేగ్నెట్ మాట తెలివితక్కువదేం కాదు. వాచీ లోపల బ్యాలెన్స్ వీల్ అనే చిన్న చక్రం అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. దాన్ని ఊపేది వెంట్రుకంత సన్నని హెయిర్‌స్ప్రింగ్. దానికి అయస్కాంతం పడితే చుట్లు ఒకదానికొకటి అంటుకుని వాచీ వేగం పెరుగుతుంది. అందుకని ముందు దిక్సూచి తెచ్చి వాచీ పక్కన పెట్టాను. ముల్లు కదల్లేదు. తర్వాత పొజిషన్ టెస్ట్: వెల్లకిలా పడుకోబెట్టి, బోర్లించి, నిలబెట్టి, ఒక్కొక్క భంగిమలో ఎలా నడుస్తోందో చూడటం. రేడియో వార్తల ముందు వచ్చే 'పిప్' చప్పుళ్ళతో సరిచేసుకున్న మా ఇంటి గోడగడియారం ముందు మూడు రోజులు చూశాను. "మన పిల్లల్ని కూడా ఇంత శ్రద్ధగా బోర్లించి చూళ్ళేదు మీరు" అంది మా ఆవిడ. ముప్పై నాలుగు నిమిషాలకు సెకను తేడా కూడా లేదు. అంత నిజాయితీ గల వాచీ నా చేతిలోకి మళ్ళీ రాలేదు.

నాలుగో రోజు దేవసహాయం వచ్చాడు. "ఏటి బాబాయ్, దొరికిందా?" అన్నాడు. ఆ ముఖం చూశాను. కళ్ళ కింద నలుపు, దవడల్లో గుంటలు, మధ్యలో ఇంత ఆశ. 'వాచీ బాగానే ఉంది' అన్న మాట గొంతు దాకా వచ్చి, అక్కడ కూర్చుంది.

"ఏదో కొంచెం ఉంది. రేపు రా" అన్నాను.

వాచీలో రెగ్యులేటర్ అని పుల్లలాంటిది ఒకటి ఉంటుంది. ఒక వైపు వెంట్రుకవాసి జరిపితే వాచీ త్వరపడుతుంది, రెండో వైపు జరిపితే నిదానిస్తుంది. దాన్ని నిదానం వైపు చివరిదాకా నెట్టాను. ముప్పై నాలుగు నిమిషాలకు ఆరు సెకన్లు తక్కువ చూపించేలా. ఆరు సెకన్లు! ఒక తుమ్ము, దాని తర్వాత 'చిరంజీవ'. అంతేగదా అనుకున్నాను.

పదిరోజుల తర్వాత ఆయన పక్క కొట్టు నుంచే జిలేబీ పొట్లం పట్టుకుని వచ్చాడు. "ముప్పై మూడూ యాభై ఎనిమిది! నీ చెయ్యి మంచిది బాబాయ్. ఆదివారం గుడిలో సాక్ష్యం కూడా సెప్పేసినాను."

సాక్ష్యం అంటే కోర్టుది కాదు. వాళ్ళ గుడిలో ఆరాధన మధ్యలో ఎవరైనా లేచి, దేవుడు తమకు చేసిన మేలు అందరి ముందూ చెబుతారు. దేవుడు తన ప్రార్థన విని ఆరు సెకన్లు ఇచ్చాడని ఈయన చెప్పాడన్నమాట. పేరు దేవసహాయం, అందింది దొంగసహాయం. జిలేబీ పొట్లం విప్పకుండా బల్ల సొరుగులో పెట్టాను.

అయినా ఊరుకున్నాను. ఊరుకోవడంలో నేను మంచి పనివాణ్ణి.

ఆ వచ్చే శనివారం మధ్యాహ్నం రూతమ్మ వచ్చింది. చంక‌లో చంటివాడు, చేతిలో మొరాయించిన అలారం గడియారం. నేను దాన్ని విప్పుతుంటే చిన్నగా అంది:

"మావయ్యగారూ, మీరు బాగు సేసిన కాణ్ణించి ఆయన వాచీ బాగుందటండి."

"ఆయన బాగా పరిగెత్తినాడమ్మా."

"పరిగెత్తినారు. దేవుడు ఆయన మాటే విన్నాడు." పిల్లాణ్ణి ఇంకో చంకకు మార్చుకుంది. "మేవిద్దరం ఒక ఒప్పందం సేసుకున్నామండి. రోజూ సాయంత్రం గ్రౌండు. ఆదివారం మద్దేన్నం హిజ్లీ దాకా పరుగు. బుధవారం ప్రార్థన కూడిక ఎగ్గొట్టడం. పిల్లకి నాన్నంటే ఎండలో ఆరేసిన బనీనే. గొడవలు పడి పడి, దేవుణ్ణే గురుతు అడుగుదాం అన్నారాయన. క్రిస్మస్ లోపల ముప్పై నాలుగు లోపల వస్తే పరిగెత్తమని దేవుడి సిత్తం. రాకపోతే మానీమని. సరే అన్నాను."

"మరి వచ్చింది గదమ్మా."

"రాకూడదని నేను ప్రార్థన సేసినానండి." నా వైపు చూడలేదు. "ఎవరికీ సెప్పలేదు. పదిరోజులు ఒంటిపూట ఉపాసం కూడా ఉన్నాను, పాలిచ్చే దాన్ని. మొగుడు ఓడిపోవాలని కోరుకున్న దాని మాట దేవుడెందుకింటాడు లెండి. నా తప్పే."

నా చేతిలో స్క్రూ ఎటో ఎగిరిపోయింది. వెతుక్కునే నెపంతో బల్ల కిందికి దూరి, అక్కడే ఉండిపోదామని కూడా అనిపించింది. ఆరు సెకన్లు ఒక మనిషిని సంతోషపెట్టడానికి ఇచ్చాను. అవి వెళ్ళి ఇంకో మనిషికి దేవుడి ముందు మొహం చెల్లకుండా చేశాయి.

మర్నాడు ఆదివారం. గుడి వదిలే వేళకు పనిముట్ల సంచీతో వాళ్ళ క్వార్టరుకు వెళ్ళాను. అన్నం తిని పొమ్మన్నారు. "ముందు వాచీ తే" అని, ఇద్దరి ఎదురుగా వెనక మూత విప్పి, నా భూతద్దం దేవసహాయం కంటికి పెట్టాను.

"ఆ పుల్ల కొనకి ఉంది సూడు. మధ్యలో ఉండాల. నీ వాచీకి మొదట్నుంచీ ఏ రోగమూ నేదు. నీ మొఖం సూసి నేనే స్లో సేసినాను."

"ఎంత?"

"ఆరు సెకన్లు."

లోపల లెక్క వేసుకున్నాడు. "అంటే ముప్పై నాలుగూ నాలుగు. మునపటిదే."

"అదే."

"మరి నేను గుడిలో దేవుడని సెప్పినానే!"

"నన్నడిగి సెప్పుంటే బాగుండును" అన్నాను. నా హాస్యం ఆ రోజు చెల్లలేదు. కుర్చీ వెనక్కి తోసి లేచాడు. నా మీద చెయ్యి చేసుకుంటాడనే అనుకున్నాను. అర్హత ఉంది గనుక కదల్లేదు.

అంతలో రూతమ్మ నవ్వింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వి, అదే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "అయితే దేవుడు నన్ను తోసెయ్యలేదన్నమాట, అంతేనా మావయ్యగారూ?"

"ఆయన ఎవరి మాట విన్నాడో నాకు తెల్దమ్మా. మధ్యలో నేను సెయ్యి పెట్టినానని మాత్రం తెలుసు."

దేవసహాయం భార్య వైపు తిరిగాడు. "నువ్వేటి అడిగినావు దేవుణ్ణి?"

"మీరు రాకూడదని."

ఆయన మెల్లగా కూర్చున్నాడు. వాచీని నా వైపు జరిపి అన్నాడు: "వాచీ సరిసెయ్ బాబాయ్. శనివారం మళ్ళీ పరిగెడతాను. ఈపాలి బొత్తాం రూతు నొక్కుతాది."

రెగ్యులేటర్‌ను మధ్యకు తెచ్చి, రెండు రోజులు పరీక్షించి, వాచీ రూతమ్మ చేతికే ఇచ్చాను. శనివారం సాయంత్రం గ్రౌండుకు నేనూ వెళ్ళాను. ఆమె ఒళ్ళో ఇరవై అయిదు చింతపిక్కలు పోసుకుని, ఆయన ఒక్కొక్క చుట్టు దాటినప్పుడల్లా ఒకటి తీసి పక్కన వేస్తోంది. చంటివాణ్ణి ఎత్తుకునే పని నాకు పడింది. వాడు నా చొక్కాను పావనం చేశాడు. మొదట ఆమె పిక్కలే చూసింది. పది చుట్ల తర్వాత మనిషిని చూడటం మొదలుపెట్టింది. పంతొమ్మిదో చుట్టు దగ్గర ఆయన కాళ్ళు తడబడ్డాయి. ఆమె తెలియకుండానే లేచి నిలబడింది. చివరి చుట్టులో, "రండి! రండి!" అని అరిచింది కూడా. ఎవరు ఓడిపోవాలని ఉపవాసం ఉందో మరిచిపోయినట్టుంది.

బొత్తాం నొక్కి నాకు చూపించింది. ముప్పై నాలుగూ తొమ్మిది.

గడ్డిలో పడి రొప్పుతున్న దేవసహాయం, "ఎంత?" అన్నాడు. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన తలాడించి, లేచి కూర్చుని బూట్ల తాళ్ళు విప్పబోయాడు. "మాటంటే మాటే."

"ఆగండి. ఇప్పకండి."

"దేవుడు నీ మాట విన్నాడే."

"విన్నాడు. అదే సాలు నాకు." పక్కన కూర్చుంది. "పంతొమ్మిదో చుట్టు కాడ కాళ్ళు ఎందుకు తేలిపోయినాయో నాకు తెలుసు. నిన్నటిదాకా మూడ్రోజులు బాబుకి జొరం, రాత్రంతా ఎత్తుకుని తిరిగినారు. తెల్లారితే డ్యూటీ, సాయంత్రం ఇది. వాచీ అరగలేదు, మీరు అరిగిపోయినారు. దేవుణ్ణి గురుతు అడిగినాం, వాచీని అడిగినాం. మనిద్దరం కూకుని ఒక్కపాలి మాటాడుకున్నామేటి?"

ఏడు చింతపిక్కలు ఏరి గడ్డి మీద వరసగా పెట్టింది. "ఇది ఆదివారం. దీన్ని ముట్టుకోకండి. ఇది బుధవారం, కూడిక."

"ఆదివారం మద్దేన్నం హిజ్లీ..."

"ముట్టుకోవద్దన్నానా?" చేతి మీద ఒకటి వేసింది. "ఈ రెండూ పిల్లలవి. ఈ మూడూ మీవి. శనివారం మేం కూడా వస్తాం, పిక్కలు నేనే ఏస్తాను."

"మూడ్రోజుల పరుక్కి ఏటవుతాదే?"

"ఏడ్రోజుల పరుక్కి ఏటయిందో సూసినాం గదా."

ఆయన ఇంకో పిక్కను తన వైపు జరపబోయేంతలో కూతురు వచ్చి ఒకటి ఎత్తుకుని పరుగెత్తింది. "ఓలమ్మా, సుక్రవారం ఎత్తుకుపోయింది!" అంటూ, అప్పటిదాకా లేవలేనని పడుకున్న మనిషి దాని వెనక పరుగెత్తాడు.

మర్నాటి ఆరాధనకు నేను వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను. దేవసహాయం లేచాడు. "రెండు వారాల కిందట దేవుడు నాకు ఆరు సెకన్లు ఇచ్చినాడని సెప్పినాను. అవి ఆయనియ్యలేదు. అడగవలసిన మనిషిని అడక్కుండా ఆయన్ని అడిగినాను, అదీ తప్పే. చమించమంటన్నాను" అని కూర్చున్నాడు. ఎవరిచ్చారో నా పేరు చెప్పలేదు. అయ్యగారు, అంటే పాస్టరుగారు, "తప్పు సరిదిద్దిన సాక్ష్యం నా పన్లో ఇదే మొదలు. దీనికి ఆమెన్ గట్టిగా సెప్పండి" అన్నారు. చెప్పారు. నేను కూడా.

ఫిబ్రవరిలో ఒక శనివారం పొద్దువాలే వేళ రూతమ్మ నా సందు ముందు ఆగి, గుప్పిట విప్పి ఆపిన వాచీ చూపించింది. ముప్పై మూడూ యాభై ఆరు. రోడ్డు మీద దేవసహాయం కూతుర్ని భుజాల మీద ఎక్కించుకుని నిలబడి ఉన్నాడు. దవడల్లో గుంటలు పూడాయి.

"మీరు ముట్టుకోలేదు గదా మావయ్యగారూ?" అంది.

"నేదమ్మా. ఒట్టు."

ఆ తర్వాత నేను ఎవరి గడియారాన్నీ మొహం చూసి తిప్పలేదు. కొందరు కోపగించి వేరే కొట్టుకు వెళ్ళారు. అక్కడ టైము ఇంకా మెత్తగా ఉంటుందట. మా పనిలో హెయిర్‌స్ప్రింగు సరిచెయ్యడం కష్టమని అందరూ అంటారు. బాగున్న గడియారాన్ని బాగుందని చెప్పి తిరిగి ఇచ్చెయ్యడం అంతకంటే కష్టం. అది చెప్పి ఊరుకోగలిగితే, మిగతా మరమ్మతు వాళ్ళు ఇంటికి వెళ్ళి చేసుకుంటారు. నా స్క్రూడ్రైవరు అంత లోపలికి వెళ్ళదు.